ఇంట్లోకి జ్వరం ఎవరు తెచ్చారు?

కరీంనగర్ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఆమెకు 31 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. భర్తకు హార్డ్‌వేర్ షాపు ఉంది. బాబుకు నాలుగేళ్లు, 14 కిలోల బరువు. పాపకు తొమ్మిదో నెల నడుస్తోంది, 8 కిలోలు. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. ఆమెకు 64 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్, చల్లగాలి తగిలితే ఆయాసం.

జూన్‌లో బాబును నర్సరీలో వేశారు. అప్పటి నుంచి దసరా దాకా ఇంట్లో ఎవరో ఒకరు ముక్కు చీదని వారం లేదట. బాబుకే ఐదుసార్లు జలుబు చేసింది. ప్రతిసారీ భర్త రాత్రి షాపు కట్టేసి వస్తూ, వీధి చివరి మెడికల్ షాపులో చెప్పి ‘మూడు రోజుల కోర్సు’ అంటూ అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ తెచ్చేవారు. సెప్టెంబరులో వచ్చింది మాత్రం వేరే రకం. సోమవారం మధ్యాహ్నం స్కూలు నుంచి ఫోన్, బాబుకు 103 జ్వరం. పొద్దున గంతులేస్తూ వెళ్లిన పిల్లాడు సాయంత్రానికి కాళ్లనొప్పులని అడుగు తీసి అడుగు వేయలేకపోయాడు. బుధవారం రాత్రి పాపకు, గురువారం అత్తగారికి అదే జ్వరం. బాబుకు నాలుగు రోజుల్లో తగ్గింది, పాప కూడా తేరుకుంది. అత్తగారికి ఆర్‌ఎంపీ ఇంటికొచ్చి రెండు రోజులు రెండేసి సూదులు వేశారు, రక్తపరీక్ష చేయించి ‘టైఫాయిడ్ కూడా ఉంది’ అన్నారు. మూడో రోజు షుగర్ 340, నాలుగో రోజు మాట తడబడింది. ఆసుపత్రిలో చేర్చి ఐదు రోజులు ఆక్సిజన్ పెట్టారు. అక్కడ తేలింది, అది ఫ్లూ అని.

ఇప్పుడు ఆమె ఇంట్లో ఉన్నారు, కోలుకుంటున్నారు. కానీ ఒక మాట అనేశారు. ‘నువ్వు నౌకరికి పోబట్టి గింత చిన్న పిలగాణ్ని బడికి తోలినవు. వాడు రోగం మోసుకొచ్చిండు, నేను చావుదాక పోయొచ్చిన.’ ఆ మాట గొంతులో ముల్లులా ఉంది అని రాశారు మీరు. బాబును స్కూలు మాన్పించాలా, ఫ్లూ టీకా వేయించాలా (మీవారేమో టీకా కార్డులో ‘ఇన్‌ఫ్లూయెంజా’ అని టిక్కు ఉంది, ఎప్పుడో వేయించేశాం అంటున్నారు), యాంటీబయాటిక్ లేకుండా జ్వరం తగ్గుతుందా, ఈసారి వస్తే ఏం చేయాలి అని అడిగారు. చివర్లో పెన్ను మార్చి ఇంకో ప్రశ్న కూడా రాశారు. దాని దగ్గరికి చివర్లోనే వస్తాను.

అమ్మా, ముందు ఆ ముల్లు సంగతి చూద్దాం. మిమ్మల్ని ఓదార్చడానికి అబద్ధం చెప్పలేను. ఫ్లూ వైరస్ ఒంట్లో చేరాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో, ఎక్కువ మందికి రెండో రోజుకే బయటపడుతుంది. బాబుకు సోమవారం, మీ పాపకు బుధవారం, అత్తగారికి గురువారం. తేదీలు చూస్తే బాబు నుంచే వచ్చి ఉంటుంది. కానీ జ్వరం రావడానికి ఒక రోజు ముందు నుంచే ఆ వైరస్ ఎదుటివాళ్లకు అంటుతుంది. అంటే ఆదివారం బాబు నానమ్మ ఒళ్లో కూర్చుని అన్నం తింటున్నప్పుడే పని జరిగిపోయి ఉండొచ్చు. అప్పటికి వాడికి ముక్కు కూడా కారడం లేదు. దాన్ని ఎవరు ఆపగలరు? రోజూ వంద మందితో మాట్లాడి, వంద చేతుల నోట్లు లెక్కపెట్టే మీవారి షాపు నుంచి వచ్చి ఉంటే ‘నువ్వు షాపుకు పోబట్టి’ అని ఎవరైనా అనేవారా?

ఇంకో సంగతి. ఆమె ఆసుపత్రి దాకా వెళ్లింది వైరస్ ఇంటికి వచ్చినందుకు కాదు. అదే వైరస్ బాబుకు వచ్చింది, నాలుగు రోజుల్లో పోయింది. ఆమెకు షుగర్ ఉంది, ఊపిరితిత్తులు ముందే బలహీనం, టీకా లేదు. పైగా మొదటి మూడు రోజులు వేరే వైద్యంలో గడిచిపోయాయి. ఈ నాలుగింటిలో మీరు మార్చగలిగినవి టీకా, ఆ మూడు రోజులు. నా సమాధానం ఎక్కువగా వాటి చుట్టూనే తిరుగుతుంది.

స్కూలు సంగతి తేల్చేద్దాం. కొత్తగా బడికి వెళ్లే పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు చేయడం మామూలే. మీ వాడికి నాలుగు నెలల్లో ఐదు అయ్యాయి, కాస్త హడావుడిగా లెక్క పూర్తి చేస్తున్నాడు, అంతే. ఈ ఏడాది మాన్పిస్తే పాపకు ఏడాదిన్నర వచ్చేదాకా ఇంట్లోకి వచ్చే వైరస్‌లు తగ్గుతాయి, అది నిజమే. కానీ ఆ జలుబులు వచ్చే ఏడాదికి వాయిదా పడతాయి తప్ప రద్దు కావు. పైగా మీరు ఆఫీసుకు వెళ్తే నాలుగేళ్ల పిల్లాడి వెనక పగలంతా పరిగెత్తేది ఎవరు? ఇప్పుడే ఆక్సిజన్ మీద నుంచి లేచొచ్చిన మనిషి. కాబట్టి నేనైతే మాన్పించను. బదులుగా ఒక నియమం పెట్టుకోండి. జ్వరం మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే బడికి. పొద్దున్నే పారాసెటమాల్ పట్టించి, ఒళ్లు చల్లబడగానే యూనిఫాం తొడిగి పంపే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. మీ ఉత్తరంలోనూ ఆ వాసన వచ్చింది, సెలవు దొరక్క చేసి ఉంటారు. ఆ సెలవు లెక్క కూడా చూశాను. ఈ నాలుగు నెలల్లో తొమ్మిది సెలవులు పెట్టింది మీరే. షాపు ఒక్క పూట కూడా మూతపడినట్టు రాయలేదు. సొంత షాపు ఉన్నాయన ఒక రోజు ఆలస్యంగా షట్టర్ ఎత్తడం, బ్యాంకు ఉద్యోగి పదో సెలవు అడగడం కన్నా తేలిక. ఇది వైద్యం కాదు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక కార్డులో టిక్కు. మీవారు పొరబడ్డారు, కానీ ఆ పొరపాటు ఆయనది కాదు, నూట ముప్పై ఏళ్ల నాటిది. 1889లో ప్రపంచమంతా ఫ్లూ చుట్టుముట్టింది. 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త రోగుల కఫంలో ఒక బ్యాక్టీరియాను చూసి, ఫ్లూకు కారణం ఇదేననుకున్నారు. దాని పేరులో ‘ఇన్‌ఫ్లూయెంజా’ అలా చేరింది. 1933లో లండన్‌లో అసలు దొంగ వైరస్ అని తేలింది గానీ, బ్యాక్టీరియాకు పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. మీ పిల్లల కార్డులో ఉన్న ‘హెచ్. ఇన్‌ఫ్లూయెంజా బి’ టీకా, అంటే హిబ్, ఆ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. ప్రభుత్వ కేంద్రాల్లో వేసే పెంటావాలెంట్ సూదిలో అదీ ఒక భాగం. మెదడు పొరల వాపు (మెనింజైటిస్), న్యుమోనియా రాకుండా కాపాడుతుంది, మంచి టీకా. ఫ్లూకు, దానికీ సంబంధం లేదు. ఫ్లూ టీకా వేరు, దాన్ని ఏటా వేయించుకోవాలి.

ఏటా ఎందుకంటే ఆ వైరస్ వేషం మారుస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి కూర్చుని, రాబోయే సీజన్ టీకాలో ఏ రకాలు పెట్టాలో చెబుతుంది. టీకా అంచనా బాగా కుదిరిన ఏడాదిలో డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. అంటే వేయించుకున్నా రావచ్చు. వస్తే ఆసుపత్రి దాకా వెళ్లే అవకాశం తగ్గుతుంది, మీ ఇంటికి కావలసింది అదే. ఒకటి ముందే చెబుతున్నాను, ఇది జలుబు టీకా కాదు. బాబు ఐదు జలుబుల్లో ఒక్కటి కూడా ఇది ఆపేది కాకపోవచ్చు. వేయించిన వారానికే ముక్కు కారితే ‘చూశావా, డబ్బు దండగ’ అనే మాట ఇంట్లో వస్తుంది. ఆ మాట రాకముందే చెప్పి ఉంచండి. సూదిగా వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒక రోజు ఒళ్లు వెచ్చబడటం మామూలే.

ఎవరెవరికి, ఎప్పుడు? భారతీయ పిల్లల వైద్యుల సంఘం ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా పిల్లలందరికీ ఏటా వేయించమంటోంది. మొదటిసారి వేసే చిన్న పిల్లలకు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, పెద్దవాళ్లకు ఒక్కటి చాలు. అంటే మీ ఇంట్లో అందరికీ కలిపి ఈ ఏడాది ఏడు సూదులు. ఇది ఉచిత టీకాల జాబితాలో లేదు, ఒక్కో సూదికి వెయ్యి రూపాయలు దాటుతుంది కాబట్టి ఏడు అంటే చిన్న మొత్తం కాదు. అందరికీ కుదిరితే మంచిదే. కుదరకపోతే నా వరుస ఇది: ముందు అత్తగారు, తర్వాత పాప, తర్వాత బాబు, చివర మీరిద్దరు. బాబు ఒక్కడికే వేయిస్తే చాలు కదా, తెచ్చేది వాడే కదా అని మీవారు అనవచ్చు. ఆ లెక్కలో న్యాయం ఉంది, కానీ వాడికి టీకా పనిచేయకపోతే అత్తగారికి అడ్డమేమీ ఉండదు.

ఇప్పుడే అందరికీ వచ్చి పోయింది కదా, మళ్లీ ఎందుకు అనే సందేహం సహజం. వచ్చింది ఒక రకం, టీకాలో ఉండేవి మూడు లేదా నాలుగు రకాలు. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి పెరుగుతుంది. అత్తగారికి డాక్టరు సరే అంటే ఇప్పుడే వేయిస్తే జనవరి గండం గడుస్తుంది, కానీ వచ్చే ఆగస్టుకు దాని పట్టు సడలుతుంది. మే నెల దాకా ఆగితే వానాకాలానికి బలంగా ఉంటుంది, జనవరికి మాత్రం ఏమీ ఉండదు. పిల్లలకు మే దాకా ఆగినా తప్పులేదు. అత్తగారి విషయంలో నేనైతే ఆగను. ఆమెకు న్యుమోనియా టీకా సంగతి కూడా అదే రోజు అడగండి. పాపకు మాత్రం ఆ న్యుమోనియా టీకా ప్రభుత్వ కేంద్రంలో 2021 నుంచి ఉచితం. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు వేసి, తొమ్మిది నెలలు నిండాక బూస్టర్ వేస్తారు. అంటే మీ పాప వంతు వచ్చే నెలే. కార్డు తీసి చూడండి.

యాంటీబయాటిక్ గురించి చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పిల్లల ఓపీలో పనిచేసిన తొలి రోజుల్లో, బయట ఎనభై మంది నిలబడి ఉండగా, ‘మందు రాయలేదేంటి సార్’ అని ఒక తల్లి అడిగితే వివరించే ఓపిక లేక అమాక్సిసిల్లిన్ రాసి పంపేవాణ్ని. రాయడానికి పది సెకన్లు, ఎందుకు అక్కర్లేదో చెప్పడానికి పది నిమిషాలు. మీ వీధి మెడికల్ షాపు ఆయన చేసేదీ అదే. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది, వైరస్‌ను ఏమీ చేయదు. మరి పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుంది? మీవారు సిరప్ తెచ్చేది రెండో రోజు రాత్రి. జ్వరం దానంతటదే దిగేది మూడో రోజో నాలుగో రోజో. పేరు సిరప్‌కు వస్తుంది. 2023 మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూ దేశమంతా దగ్గించినప్పుడు భారతీయ వైద్య సంఘమే అజిత్రోమైసిన్ పేరెత్తి మరీ ఇలా వాడొద్దంది. జ్వరం మూడు రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాలు ఉండొచ్చు అంది. ఆ మూడు వారాలు గుర్తుంచుకోండి. రెండో ‘కోర్సు’ మొదలయ్యేది సాధారణంగా అక్కడే. చీమిడి పచ్చబడటం కూడా యాంటీబయాటిక్‌కు పిలుపు కాదు.

మీవారితో ‘వద్దు’ అని వాదిస్తే అది మొగుడూపెళ్లాల పంతం అయిపోతుంది. ‘రెండు రోజులు ఆగుదాం, తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపిద్దాం’ అనండి. బాబు విషయంలో ఆ రెండు రోజులు ఆగవచ్చు. కానీ చెవినొప్పి వచ్చినా, జ్వరం తగ్గి ఒకటి రెండు రోజులయ్యాక మళ్లీ ఎక్కినా, ఊపిరి వేగం పెరిగినా ఆగకూడదు. అప్పుడు బ్యాక్టీరియా చేరి ఉండొచ్చు, యాంటీబయాటిక్ నిజంగానే అవసరం పడొచ్చు.

పాప, అత్తగారి విషయంలో ఆగడం అనే మాటే లేదు. ఫ్లూ వైరస్ మీద నేరుగా పనిచేసే ఒసెల్టామివిర్ అనే మందు ఉంది. జ్వరం మొదలైన 48 గంటల్లోపు పడితేనే దాని ఫలితం బాగుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు జ్వరం ఒక రోజు ముందు తగ్గిస్తుంది, అందుకోసం అందరూ మింగాల్సిన పనిలేదు. షుగర్, ఆయాసం ఉన్న పెద్దవాళ్లకు, చంటిపిల్లలకు మాత్రం డాక్టరు రాయాలా వద్దా అని మొదటి రోజే ఆలోచించాల్సిన మందు అది. ఇంట్లో ఒకరికి ఉన్నట్టుండి 102, 103 జ్వరం, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు వచ్చి, ఆ తర్వాత అత్తగారికి ఒళ్లు వెచ్చబడితే అదే రోజు ఫిజీషియన్ దగ్గరికి. ‘మా బాబుకు ఇలా వచ్చింది’ అని మొదటి మాటగా చెప్పండి. దగ్గు, జలుబు ఏమీ లేకుండా జ్వరం, కళ్ల వెనక నొప్పి ఉంటే అది వానాకాలంలో డెంగీ కావచ్చు, అదీ ఆయనే చూస్తారు. అలాంటప్పుడు పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేయకండి.

ఆర్‌ఎంపీని నేను తిట్టను. రాత్రి తొమ్మిదింటికి పిలిస్తే వచ్చేది ఆయనే. కానీ ఆ నాలుగు సూదుల్లో ఏముందో మీకు తెలియదు, నాకూ తెలియదు. స్టెరాయిడ్ అయితే జ్వరం టక్కున దిగుతుంది, షుగర్ అంతే టక్కున ఎక్కుతుంది. ఫ్లూ ఒక్కటే అయినా షుగర్ పెరుగుతుంది, కాబట్టి సూదిదే తప్పని తేల్చలేం. ఇకముందు ఎవరు సూది వేసినా పేరు చీటీ మీద రాసివ్వమని అడగండి. రాయనంటే వేయించుకోకండి. టైఫాయిడ్ అన్నది ఒక్క వైడల్ అనే రక్తపరీక్షతో అయితే దాన్ని అంతగా పట్టించుకోనక్కర్లేదు. మన ప్రాంతంలో ఎప్పుడో వచ్చి పోయిన ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. గట్టిగా తేల్చేది రక్తంలో క్రిమి పెరుగుతుందేమో చూసే బ్లడ్ కల్చర్. ఇంకోటి, జ్వరంలో ఆమెకు రెండు రోజులు చారునీళ్లే ఇచ్చామని రాశారు. లంఖణం పరమౌషధం అనే మాట షుగర్ గోళీలు మింగేవాళ్లకు వర్తించదు. తినకుండా గోళీ వేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మిరియాల చారన్నం పెట్టండి, ఇడ్లీ పెట్టండి, రోజుకు మూడుసార్లు షుగర్ చూడండి, గోళీ మోతాదు డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కోండి.

మీ ఉత్తరంలో నన్ను ఉలిక్కిపడేలా చేసింది ‘ఇద్దరికీ అర మూత పారాసెటమాల్ ఇచ్చాను’ అన్న వాక్యం. లేచి అలమరలో సీసాలు తీయండి. పారాసెటమాల్ మూడు రకాలు కనిపించవచ్చు. ఒకదాని మీద 5 మి.లీ.లో 120 లేదా 125 మి.గ్రా. అని ఉంటుంది, ఇంకోదాని మీద 5 మి.లీ.లో 250. మూడోది చుక్కల మందు, బుల్లి సీసా, దాని మీద 1 మి.లీ.లోనే 100. ఆ బుల్లి సీసానే అన్నిటికన్నా ఘాటు. పిల్లలకు మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా. బాబు 14 కిలోలు కాబట్టి 140 నుంచి 210 మి.గ్రా., అంటే 250 సిరప్ అయితే సుమారు 3 నుంచి 4 మి.లీ. అదే 4 మి.లీ. 120 సిరప్‌లో వందైనా ఉండదు, జ్వరం దిగదు, మీకు టెన్షన్. పాప 8 కిలోలు, ఒకసారికి 80 నుంచి 120 మి.గ్రా. చుక్కల మందు అయితే 1 మి.లీ. దరిదాపు. అదే ‘అర మూత’ చుక్కల మందు పోస్తే మోతాదు కన్నా మూడు నాలుగు రెట్లు పడవచ్చు, అది కాలేయానికి ప్రమాదం. మూతతో కొలవడం మానేసి సూది లేని సిరంజితో కొలవండి. ఆరు గంటల తేడా, రోజుకు నాలుగుసార్లు దాటొద్దు. ఇచ్చిన టైము ఫ్రిజ్ మీద కాగితం అంటించి రాయండి. అప్పుడు మీరు ఒకసారి, తెలియక అత్తగారు ఇంకోసారి పట్టించే ప్రమాదం ఉండదు.

దగ్గు సిరప్‌లు ఇద్దరికీ వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు సిరప్ పిల్లల ప్రాణాలు తీశాక కేంద్రం కూడా రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దని, ఐదేళ్లలోపు వాళ్లకు మామూలుగా అక్కర్లేదని చెప్పింది. బాబుకు పడుకునే ముందు ఒక చెంచా తేనె చాలు. పాపకు మాత్రం ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు, అరుదైనా ప్రాణాంతకమైన బోటులిజం అనే జబ్బు రావచ్చు. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి పాప ఛాతీకి రాయడం కూడా ఆపండి, కర్పూరం ఒంట్లోకి వెళ్తే ఫిట్స్ వస్తాయి. ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు ఉన్నాయి. మీ పాలు ఆపొద్దు, మీకు జ్వరం ఉన్నా మాస్కు వేసుకుని ఇవ్వండి.

రాత్రి రెండింటికి ఆసుపత్రికి పోవాలా, తెల్లారేదాకా ఆగాలా అని ఎలా తెలుస్తుంది? థర్మామీటర్ కన్నా ఛాతీ ఎక్కువ చెబుతుంది. పాప పడుకున్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో ఒక నిమిషం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టండి. ఈ వయసులో 50 లేదా ఆపైన, బాబుకైతే 40 లేదా ఆపైన ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు పట్టకపోయినా, ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోయినా, లేపితే మత్తుగా వాలిపోతున్నా అంతే. అత్తగారికి వేలికి పెట్టే ఆక్సీమీటర్ కొనండి. 94 కన్నా తగ్గినా, మాట తడబడినా బండి తీయండి. పోయినసారి ఆ తడబాటును ‘జ్వరం పలవరింత’ అనుకుని ఒక పూట ఆగారని రాశారు.

ఇక పెన్ను మార్చి రాసిన ప్రశ్న. పాపను మళ్లీ నానమ్మ పక్కన పడుకోబెట్టవచ్చా, ఆమె అడగడం లేదు గానీ రాత్రిళ్లు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు అన్నారు. ఇద్దరికీ జ్వరం తగ్గి నెల కావస్తోంది. నిస్సందేహంగా పడుకోబెట్టండి. మళ్లీ ఎవరికైనా జ్వరం వస్తే వారం రోజులు గది మార్చండి, కిటికీ తెరిచి ఉంచండి. ఆ వారంలో పాపను ఎత్తుకోవాలనిపిస్తే చేతులు కడుక్కుని మాస్కు కట్టుకోమనండి. తొమ్మిదో నెల పిల్ల కదా, ఆ మాస్కు లాగేస్తుంది. అప్పుడు మీవారికి ఇవ్వమనండి.